ఆఖరి రాత్రి సంగతి దాచకండి: క్రూయిజ్ ఎక్కే తెలుగు కుటుంబాలకు ఒక క్యాబిన్ స్టీవార్డ్ బహిరంగ లేఖ

క్రిస్మస్ సెలవులకీ, కొత్త సంవత్సరానికీ, సంక్రాంతి రోజుల్లోనూ ఫ్లోరిడా నుంచి ఓడ ఎక్కే తెలుగు కుటుంబాలకు,

నమస్కారమండీ.

నాది విశాఖపట్నం, గాజువాకలో ఇల్లు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, రెండేళ్లు ఊళ్లోనే ఒక హోటల్లో చేసి, ఆ తర్వాత ఓడ ఎక్కాను. ఇప్పుడు చేస్తున్నది ఏడో కాంట్రాక్టు. ఓడలో మీరుండే క్యాబిన్ ఊడ్చి, పక్కలు మార్చి, బాత్రూమ్ కడిగే పని నాది. చలికాలమంతా మా ఓడ ఫోర్ట్ లాడర్‌డేల్‌లోని పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ నుంచి ఏడు రాత్రుల కరీబియన్ ట్రిప్పులు వేస్తుంది. ఆదివారం సాయంత్రం బయల్దేరితే మళ్లీ ఆదివారం తెల్లవారుజామున అదే రేవుకి చేరుతుంది. మూడు వేల మంది దిగుతారు, ఆ సాయంత్రమే ఇంకో మూడు వేల మందితో మళ్లీ బయల్దేరుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇదే వరస.

ఒకప్పుడు ఓడలో తెలుగు మాట వినపడాలంటే నేను ఇంటికి ఫోన్ చేసుకోవాల్సిందే. ఇప్పుడలా కాదు. డిసెంబరు, జనవరి వచ్చాయంటే ప్రతి ట్రిప్పులోనూ కారిడార్లో "ఒరేయ్, చెప్పులు వేసుకోరా" అని ఎవరో ఒకరు అరుస్తూ ఉంటారు. న్యూజెర్సీ నుంచీ, డాలస్ నుంచీ, అట్లాంటా నుంచీ పిల్లలతో వస్తారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకొస్తారు. ఆ మాట చెవిన పడితే ఎంత అలసటైనా పోతుందండీ నాకు. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

అడగదలుచుకున్నది ముందే అడిగేస్తాను. ఓడ దిగే ముందు రాత్రి మీలో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయితే దయచేసి దాచకండి. క్యాబిన్ వదిలి వెళ్లేలోపు ఎవరో ఒకరికి చెప్పండి. మీరు దిగిన నాలుగైదు గంటలకే ఆ పక్క మీద ఇంకొకరి బిడ్డో, ఇంకొకరి తాతయ్యో పడుకుంటారు.

ఇది ఎందుకంత పెద్ద విషయమో అర్థం కావాలంటే ఆ ఒక్క రోజు ఓడలో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. టర్నరౌండ్ డే అంటాం మేము. మీ కంటికి కనపడేది లైనూ, లగేజీ, ఎదురుచూపూ. మిగతాది మీకు తెలిసే వీల్లేదు.

అసలు అది శనివారం రాత్రే మొదలవుతుంది. మీరు సూట్‌కేసులకి రంగు ట్యాగులు కట్టి తలుపు బయట పెడతారు. వాటన్నిటినీ కిందికి దించి ఇనప బోనుల్లో సర్దేసరికి అర్ధరాత్రి దాటుతుంది. కింద డెక్కులో ఓడ ముందు కొస నుంచి వెనక కొస దాకా ఒక పొడుగాటి నడవా ఉంటుంది. ప్యాసింజర్లు అటు రారు. దాన్ని మేమంతా ఐ-95 అని పిలుస్తాం. మయామి నుంచి పైకి మెయిన్ రాష్ట్రం దాకా పోయే హైవే పేరది. ఆదివారం పొద్దున ఆ నడవా చూస్తే నాకు మా పూర్ణా మార్కెట్ గుర్తొస్తుంది. ఒక పక్క మాసిన దుప్పట్ల సంచులు, ఒక పక్క ఉల్లిపాయ బస్తాలూ కోడిగుడ్ల అట్టలూ. కాంట్రాక్టు అయిపోయి ఇంటికెళ్లేవాళ్లు పెట్టెలతో నిలబడి ఉంటారు, కొత్తగా చేరినవాళ్లు ఎటెళ్లాలో తెలియక గోడ పక్కకి ఒదిగి ఉంటారు. వాళ్ల మధ్యలోంచి ఫోర్క్‌లిఫ్టు హారన్ కొట్టుకుంటూ పోతుంది. బయట ఓడకి ఇంధనం నింపే పడవ, ఆయిల్ బార్జి, వచ్చి ఆనుకుంటుంది. వారం రోజుల చెత్త ఒక తలుపులోంచి దిగుతుంటే, వారానికి సరిపడా తిండి ఇంకో తలుపులోంచి ఎక్కుతుంటుంది.

ఎనిమిదిన్నరకల్లా మీరు క్యాబిన్లు ఖాళీ చేయాలి. పది లోపల పాత ప్యాసింజర్లు ఒక్కరు కూడా ఓడలో మిగలకూడదు. అమెరికా కస్టమ్స్ వాళ్లకి లెక్క సున్నా చూపించాకే కొత్తవాళ్లని ఎక్కనిస్తారు. జీరో కౌంట్ అంటాం. రెండు ట్రిప్పులు వరసగా బుక్ చేసుకున్నవాళ్లు, బ్యాక్ టు బ్యాక్ వాళ్లు, వాళ్లక్కూడా మినహాయింపు లేదు. గుంపుగా దిగి, అధికారికి పాస్‌పోర్టు చూపించి, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కాలి. చలికాలంలో వీళ్లు ఎక్కువ. మంచు కురిసే ఊళ్ల నుంచి ఎండ కోసం వచ్చే రిటైరైన దంపతులు. రెండో ట్రిప్పుకి అదే క్యాబిన్ దొరక్కపోతే సామాను సర్దుకుని వేరే క్యాబిన్‌కి మారాలి. అలా మారిన ఒక దంపతుల సంగతి తర్వాత చెప్తాను.

కొత్తవాళ్లు పదకొండుకి ఎక్కడం మొదలుపెడతారు. ఒంటిగంటకి క్యాబిన్ తలుపులు తెరవాలి. నా వాటా 18 క్యాబిన్లు. ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా అంటే 270 నిమిషాలు. క్యాబిన్‌కి 15 నిమిషాలు పడుతుంది లెక్క. ఆ 15 నిమిషాల్లో దుప్పట్లూ గలీబులూ తీసి సంచిలో కట్టాలి. పరుపు మీది కవరు చూడాలి, మరక ఉంటే మార్చాలి. మంచాలు కలిపి ఉన్నవి విడదీయాలి, విడిగా ఉన్నవి కలపాలి, ఎందుకంటే వచ్చేవాళ్లు ఎలా అడిగారో చీటీలో రాసి ఉంటుంది. బాత్రూమ్ పైనుంచి కింద దాకా తోమాలి. తలుపు పిడి, లైటు స్విచ్చులు, టీవీ రిమోట్, ఫోను, కుర్చీ చేతులు, అన్నీ మందు గుడ్డతో తుడవాలి. లైఫ్ జాకెట్లు లెక్క చూడాలి. మీరు మర్చిపోయిన చార్జర్లు, కళ్లజోళ్లు, ఒకసారి ఒక పెద్దాయన పళ్ల సెట్టు, చీటీ కట్టి పక్కన పెట్టాలి. అద్దం మీద వేలిముద్ర ఉన్నా సూపర్‌వైజర్ ఒప్పుకోడు. ఎనిమిదిన్నరకి వెళ్లాల్సిన కుటుంబం తొమ్మిది దాకా సర్దుకుంటూ కూర్చుంటే ఆ అరగంట రెండు క్యాబిన్లని మింగేస్తుంది. ఆ రెండు క్యాబిన్ల శుభ్రం మిగతా పదహారింటి మీద పడుతుంది.

పొద్దున ఐదింటికి లేచినవాళ్లం సాయంత్రం ఓడ కదిలాక మళ్లీ రాత్రి పక్కలు సర్దడానికి వస్తాం. 24 గంటల్లో కనీసం 10 గంటలు విశ్రాంతి ఉండాలనీ, అది రెండు ముక్కలకి మించకూడదనీ, ఒక ముక్క 6 గంటలకి తగ్గకూడదనీ అంతర్జాతీయ చట్టం ఉంది. కాగితం మీద ఆ లెక్క సరిపోతుంది. ఆ పది గంటల్లోనే స్నానం, తిండి, ఇంటికి ఫోను, అన్నీ. ఒక్కొక్కరికి ఇచ్చే క్యాబిన్లు తగ్గించాలని నేను గట్టిగా నమ్ముతాను. కానీ అది కంపెనీలతో తేల్చుకోవాల్సిన మాట, దానికి వేరే ఉత్తరం రాస్తాను. ఇక్కడ చెప్పేది ఒక్కటే. మేము కంటికి కనపడింది శుభ్రం చేయగలం. కనపడనిది మీరు చెప్తే తప్ప మాకు తెలియదు.

నోరోవైరస్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో నార్వాక్ అనే ఊళ్లో బడిపిల్లలకి వాంతులు పట్టుకున్నాయి, అప్పుడు తీసిన నమూనాల్లోనే 1972లో ఈ వైరస్‌ని గుర్తించారు. ఆ ఊరి పేరే దానికి వచ్చింది. ఓడల జబ్బని పేరు పడిపోయింది గానీ, అమెరికాలో నమోదయ్యే నోరోవైరస్ వ్యాప్తుల్లో ఓడల వాటా 1 శాతమే. బడులూ, వృద్ధాశ్రమాలూ, హోటళ్లూ, అన్నిచోట్లా ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో చలికాలం వచ్చిందంటే మరీ ఎక్కువ. అంటే మీరు సెలవులకి వచ్చేదీ, అది విజృంభించేదీ ఒకే కాలం.

దాని స్వభావం తెలిస్తే మీకే భయం వేస్తుంది. ఒంట్లోకి వెళ్లిన 12 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. పదుల సంఖ్యలో వైరస్ కణాలు చాలు మనిషిని మంచాన పడేయడానికి. గట్టి వస్తువుల మీద రోజుల తరబడి బతికే ఉంటుంది. అందరూ జేబులో పెట్టుకుని తిరిగే సానిటైజర్ దాన్ని సరిగ్గా చంపలేదు. సబ్బు పెట్టి నీళ్ల కింద చేతులు రుద్ది కడుక్కోవాలి. వాంతి అయిన చోట మామూలు మందు సరిపోదు, క్లోరిన్ కలిపిన ద్రావణం ఘాటుగా పట్టించాలి. ఆ ఘాటు పని 15 నిమిషాల్లో అయ్యేది కాదు. అసలు అది నా ఒక్కడి పని కాదు, గౌన్లూ మాస్కులూ వేసుకున్న టీమ్ వచ్చి చేస్తుంది. ఆ టీమ్ రావాలంటే ముందు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇప్పుడు నా అనుభవం చెప్తాను. ఓడ పేరూ, వాళ్ల పేర్లూ చెప్పను.

కొన్నేళ్ల కిందట, కొత్త సంవత్సరం వచ్చిన మొదటి ఆదివారం అది. నా 18 క్యాబిన్లలో రెండు పక్కపక్క క్యాబిన్లలో ఒక తెలుగు కుటుంబం. ఒకదాంట్లో అమ్మాయీ అల్లుడూ, రెండోదాంట్లో అమ్మమ్మా తాతయ్యా. ఆరేళ్ల పాప అమ్మమ్మ దగ్గరే, సోఫాని మంచంగా తెరిచి పక్క వేస్తే దాని మీద పడుకునేది. మొదటి రోజే నా ఛాతీ మీద పేరు చూసి ఆ పెద్దావిడ "ఏ ఊరు బాబూ?" అన్నారు. విశాఖపట్నమండీ అంటే, "మా చెల్లెల్ని అక్కడే ఇచ్చాం" అన్నారు. ఆ వారమంతా నేను తలుపు కొడితే "రా నాయనా" అనేవారు. ఓడ అంతటికీ నేను హౌస్‌కీపింగ్, ఆవిడకి మాత్రం చెల్లెలి ఊరి పిల్లాణ్ణి.

ఆదివారం పొద్దున వాళ్లు ఎనిమిదింటికే వెళ్లిపోయారు. నేను వెళ్లేసరికి క్యాబిన్ ముచ్చటగా ఉంది. పాప దుప్పట్లు తీసి ఒక మూల మడత పెట్టారు. సోఫాని మూసేసి, దిండ్లు మీద పేర్చారు. టేబుల్ మీద కాగితం రుమాల్లో చుట్టిన నాలుగు సున్నుండలు, మీద పెన్నుతో "నీకే" అని ఉంది. నాకు కళ్లు చెమ్మగిల్లాయండీ. ఎంత మంచి మనుషులు, నా పని కూడా చేసి వెళ్లారు అనుకున్నాను. దుప్పట్లు తీసేసి ఉన్నాయి కాబట్టి సోఫా తెరవలేదు. తర్వాత వచ్చేవాళ్లు ఇద్దరే, వాళ్లకి సోఫా మంచం అక్కర్లేదని చీటీలో ఉంది. ఒక స్నానం తువ్వాలు తక్కువైంది. పూల్ దగ్గర వదిలేసి ఉంటారులే అనుకుని లెక్కలో రాసుకున్నాను. అప్పటికి ఇంకా పదమూడు క్యాబిన్లు మిగిలున్నాయి.

ఆ సోఫా తెరవాల్సింది నేనే. ఆ తప్పు నాది.

ఒంటిగంటకి ఆ క్యాబిన్లోకి వచ్చింది బ్యాక్ టు బ్యాక్ దంపతులు. ఆయనకి ఎనభై దాటాయి. మొదటి ట్రిప్పు వేరే డెక్కులో ఉన్నారట, రెండోదానికి ఇక్కడికి మారారు. ఆయన చేతికర్ర సోఫాకి ఆనించి, సాయంత్రం దాకా దాని మీదే కూర్చుని పుస్తకం చదువుకున్నారు. సోమవారం రాత్రి ఆయనకి వాంతులు మొదలయ్యాయి. తెల్లవారేసరికి మెడికల్ సెంటర్లో సెలైన్ పెట్టారు. మంగళవారం ఆవిడ నన్ను పిలిచి, సోఫాలోంచి ఏదో వాసన వస్తోంది, మొన్నటి నుంచి చెప్దామనుకుంటున్నాను అన్నారు.

తెరిచాను. లోపలి పరుపు మీద మా స్నానం తువ్వాలు వెడల్పుగా పరిచి ఉంది. కింద ఇంకా తడి ఆరలేదు. తువ్వాలు అంచున పాప క్లిప్పు, పసుపు రంగు సీతాకోకచిలుక, వెంట్రుకలతో సహా అతుక్కుపోయి ఉంది.

ఆయనకి అక్కడి నుంచే అంటిందని నేను రుజువు చేయలేను. బఫేలో అంటి ఉండొచ్చు, లిఫ్టు బటన్ మీద అంటి ఉండొచ్చు. మా సిబ్బందిలో ఎవరి దగ్గర్నుంచైనా వచ్చి ఉండొచ్చు, మాకూ వస్తుంది. కానీ ఆ పరుపు మీద ఆయన రెండు రోజులు కూర్చున్నారన్నది నేను చూసిన సంగతి. బుధవారం రాత్రి నాకూ మొదలైంది. నన్ను క్యాబిన్లో పెట్టి తలుపు వేశారు, నాతో ఉండే ఇండోనేసియా అబ్బాయిని వేరే చోటికి మార్చారు. నా 18 క్యాబిన్లు పక్కవాళ్లు పంచుకున్నారు. ఆ ట్రిప్పు అయ్యేదాకా బఫేలో ప్యాసింజర్లని గరిటె ముట్టుకోనివ్వలేదు, అన్నీ సిబ్బందే వడ్డించారు. ఆ దంపతులు మెక్సికో దీవి కోజుమెల్‌లో దిగలేకపోయారు. యాభై ఏళ్ల కిందట పెళ్లయిన కొత్తలో వచ్చారట అక్కడికి. మళ్లీ చూడాలనే రెండో ట్రిప్పు కొన్నామని ఆవిడ తర్వాత నాతో చెప్పారు.

ఆ కుటుంబం చెడ్డవాళ్లని నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ రాత్రి ఆ గదిలో ఏం జరిగి ఉంటుందో నేను ఊహించగలను. రాత్రి రెండింటికి పాప వాంతి చేసుకుని ఉంటుంది. సూట్‌కేసులు అప్పటికే బయటపెట్టేశారు, మార్చడానికి గౌను కూడా సరిగ్గా ఉండి ఉండదు. మధ్యాహ్నం ఫ్లైటు. ఇంకో ఆరు గంటల్లో దిగిపోతాం, ఇప్పుడు చెప్తే ఆపేస్తారేమో, పాపని ఎక్కడికో తీసుకెళ్తారేమో, డాక్టరు దగ్గరికెళ్తే వందల డాలర్ల బిల్లు వేస్తారేమో. అదంతా ఒక ఎత్తు, నలుగురిలో మాట పడతామన్న మొహమాటం ఒక ఎత్తు. మన ఇళ్లలో ఇది చాలా ఉంది. అమ్మమ్మ "దిష్టి తగిలిందే" అని ఉంటారు. నాన్న "సముద్రం పడలేదులే" అని ఉంటాడు. ఎవరి ఇంట్లోనైనా అనే మాటలే.

ఆ భయాలకి నాకు తెలిసినంతవరకు జవాబు చెప్తాను.

దిగే రోజు జబ్బు చేసిందని చెప్తే మిమ్మల్ని ఓడలో ఆపి ఉంచడం నేను ఇన్నేళ్లలో చూడలేదు. వాళ్లకీ మీరు జాగ్రత్తగా దిగడమే కావాలి. రద్దీ లేని దారిలో, వేరేగా దించుతారు. మధ్యలో చెప్తే నయమయ్యేదాకా క్యాబిన్లోనే ఉండమంటారు, నిజమే. భోజనం తలుపు దగ్గరికే తెచ్చి పెడతాం. నేను పనిచేసిన ఓడల్లో వాంతులూ విరేచనాలకి చూసినందుకు ఫీజు తీసుకునేవారు కాదు, జనం దాచకుండా రావాలనే అలా పెట్టారు. మీ ఓడలో ఎలా ఉందో ఎక్కిన రోజే రిసెప్షన్‌లో అడిగి తెలుసుకోండి, ఆ రాత్రి టెన్షన్ ఉండదు.

సముద్రం పడకపోవడానికీ దీనికీ తేడా తల్లులకి తేలిగ్గానే తెలుస్తుంది. సముద్రం పడకపోతే తల తిరుగుతుంది, ఓడ నిలకడగా ఉంటే తగ్గుతుంది. నీళ్ల విరేచనాలు ఉండవు, జ్వరం ఉండదు. ఉన్నట్టుండి వాంతి, వెనకే విరేచనం, ఒళ్లు నొప్పులు ఉంటే సముద్రం మీదికి తోయకండి. పైగా ఆ చిన్నపిల్లకి కావాల్సింది ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్. మెడికల్ సెంటర్ నాలుగు అంతస్తుల కింద ఉంది. దాచినందుకు ఆ పాప ఎయిర్‌పోర్టు లైన్లో ఒట్టి కడుపుతో నిలబడి ఉంటుంది. ఈ జబ్బులో పిల్లలకీ పెద్దవాళ్లకీ అసలు ప్రమాదం ఒంట్లో నీరు పోవడమే.

ఇంకో సంగతి. విదేశీ రేవుల నుంచి అమెరికా రేవుకి వచ్చే ప్రతి క్రూయిజ్ ఓడా, చేరడానికి 24 నుంచి 36 గంటల ముందు, ఎంతమందికి వాంతులూ విరేచనాలూ అయ్యాయో అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీకి లెక్క పంపాలి. ఆ తర్వాత లెక్క మారితే చేరడానికి 4 గంటల ముందైనా సరిచేసి పంపాలి. ప్యాసింజర్లలోనో సిబ్బందిలోనో 3 శాతం మందికి వస్తే ఆ ఓడ పేరు బయట పెడతారు. ఇంత పకడ్బందీ లెక్కలోంచి కూడా జారిపోయేది ఆఖరి రాత్రి జబ్బే. ఓడ రేవుకి దగ్గరపడి ఉంటుంది, జనం మనసులు ఇంటి దారి పట్టి ఉంటాయి. వారం మధ్యలో అయితే ఎలాగూ మూడు రోజులు ఉండాలి కాబట్టి చెప్తారు. ఆఖరి రాత్రి ఎవరూ చెప్పరు. సరిగ్గా ఆ క్యాబిన్లనే మేము 15 నిమిషాల్లో తిప్పుతాం.

అందుకని మీరు చేయాల్సింది చిన్న పని. క్యాబిన్ ఫోన్ ఎత్తి మెడికల్ అనో, రిసెప్షన్ అనో చెప్పండి, రాత్రి ఏ వేళైనా ఎత్తుతారు. మీరే తుడవబోకండి, మా తువ్వాళ్లతో అసలే వద్దు. తుడిచిన చేతులతో తలుపు పిడి పట్టుకుంటారు. అయినా సిగ్గనిపించి చెప్పలేకపోతే, వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద "వామిట్" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క రాసి, ఎక్కడ అయిందో అటు బాణం గీసి మంచం మీద పెట్టండి. సంతకం అక్కర్లేదు. ఆ కాగితం కనపడితే నేను తలుపు మూసి, సూపర్‌వైజర్‌ని పిలిచి, వేరే క్యాబిన్‌కి వెళ్తాను. ఆ క్యాబిన్ ఒంటిగంటకి తెరవరు, నాలుగింటికి తెరుస్తారు. వచ్చేవాళ్లు కాస్త విసుక్కుంటారు, అంతే.

ఎక్కే రోజు కూడా ఇదే మాట. ఎక్కేముందు ఆరోగ్యం గురించి అడిగితే, ఇంట్లో రెండు రోజుల నుంచి పిల్లాడికి విరేచనాలు అవుతుంటే, "లేదు" అని టిక్ పెట్టకండి. డబ్బు పోతుందనే భయం నాకు అర్థమవుతుంది, మనం కష్టపడి దాచుకున్న డబ్బు. అందుకే టిక్కెట్టుతో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోమని చెప్తాను, అందులో జబ్బుకి రద్దు చేసుకుంటే డబ్బు వస్తుందో లేదో చదివి మరీ తీసుకోండి. మీతో వచ్చే అమ్మానాన్నలకి ఇదంతా తెలుగులో మీరే చెప్పాలి. ఓడలో ప్రకటనలన్నీ ఇంగ్లీషులో గడగడా చదివేస్తారు, వాళ్లకి ఒక్క ముక్క ఎక్కదు. ఆ పెద్దావిడకి ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నన్ను పిలిచి "నాయనా, పాపకి రాత్రి ఇలా అయింది" అని చెప్పేవారు. అది నేను ఒట్టేసి చెప్పగలను. అంత చనువు ఉంది మా మధ్య.

అమ్మా, ఈ ఉత్తరం ఎవరైనా మీకు చదివి వినిపిస్తే, మీమీద నాకు ఏ కోపమూ లేదని తెలుసుకోండి. సున్నుండలు ఆ మధ్యాహ్నం రెండున్నరకి, భోజనానికి పది నిమిషాలు దొరికితే, మా డెక్కు మెట్ల మీద కూర్చుని తిన్నాను. ఒకటి ఇండోనేసియా అబ్బాయికి పెట్టాను. మినప వాసన వాడికి కొత్త, బాగుందన్నాడు. సీతాకోకచిలుక క్లిప్పుని క్లోరిన్ సంచిలో వేసి పంపేయాల్సొచ్చింది, దాచడానికి రూలు ఒప్పుకోదు. మీరు ఎనిమిదింటికి హడావిడిగా వెళ్లిపోతుంటే పాప తాతయ్య భుజం మీద పడుకుని ఉంది, నిద్ర సరిపోలేదేమో అనుకుని చెయ్యి ఊపాను, తల ఎత్తలేదు. విమానంలో ఎలా ఉందో, ఇంటికి వెళ్లాక ఎన్ని రోజులకి తేరుకుందో, అప్పుడు అడగాలని నాకు తెలియలేదు.

ఇట్లు,
మీ క్యాబిన్ స్టీవార్డ్,
విశాఖపట్నం